నా అనుభవం: రెండు సంఘాల మధ్య నలిగి హోమ్ ఇన్‌స్పెక్టర్‌నయ్యాను

నిన్న సాయంత్రం మెయిల్ వచ్చింది. అమెరికన్ సొసైటీ ఆఫ్ హోమ్ ఇన్‌స్పెక్టర్స్, అంటే అమెరికాలో జనం కొనబోయే ఇళ్ళను పరీక్షించేవాళ్ళ సంఘం, ఇక్కడందరూ యాషీ అంటారు, నన్ను సర్టిఫైడ్ ఇన్‌స్పెక్టర్‌గా ఒప్పుకుంది. మూడేళ్ళు పట్టింది. మా వారికి ఫోన్ చూపించి అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను, కళ్ళ వెంట నీళ్ళు ఆగలేదు. మనవాళ్ళలో సివిల్ చదివి ఇక్కడ ఇంట్లో కూర్చున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం, జ్ఞాపకం పచ్చిగా ఉండగానే రాస్తున్నాను.

నేను కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివాను. కూకట్‌పల్లి, మియాపూర్ సైట్లలో ఆరేళ్ళు నిలబడి స్లాబులు వేయించాను. పెళ్ళయ్యాక కాలిఫోర్నియా, ఫ్రీమాంట్ వచ్చాం. వర్క్ పర్మిట్ చేతికొచ్చాక ఏం చేద్దామా అని చూస్తుంటే ఈ పని కనబడింది. బేరం కుదిరాక, ఇల్లు చేతులు మారకముందు, కొనేవాళ్ళ తరఫున పైకప్పు నుంచి పునాది దాకా చూసి రిపోర్టు రాసివ్వడం. నాకోసమే పుట్టిన పని అనిపించింది.

మొదట లైసెన్సు ఎక్కడ ఇస్తారని వెతికాను. కాలిఫోర్నియాలో లేదు. జుట్టు కత్తిరించేవాళ్ళకి లైసెన్సు కావాలి, చెదలు చూసేవాళ్ళకి కావాలి, మనిషి జన్మలో పెట్టే అతిపెద్ద ఖర్చును పరీక్షించేవాళ్ళకి మాత్రం అక్కర్లేదు. 1996లో ఒక చట్టం చేశారు. తెలివున్న ఇన్‌స్పెక్టర్ ఎంత జాగ్రత్తగా చూస్తాడో అంత జాగ్రత్తగా చూడాలంటుంది. చూసిన ఇంట్లో పన్నెండు నెలల దాకా డబ్బు తీసుకుని రిపేర్లు చేయకూడదంటుంది. గొడవ కోర్టుకెక్కితే జడ్జి యాషీ ప్రమాణాలనో, క్రియా అనే కాలిఫోర్నియా ఇన్‌స్పెక్టర్ల సంఘం ప్రమాణాలనో, ఇంకో జాతీయ సంఘం ప్రమాణాలనో చూడొచ్చు. అంతే. అంటే ఇక్కడ సంఘం ఇచ్చే బ్యాడ్జీయే లైసెన్సులా చలామణీ అవుతుంది. అందుకే ఆ బ్యాడ్జీల కోసం అంత పోటీ.

యాషీ, క్రియా రెండూ 1976లో పుట్టాయి. 1987లో నాహి అని ఇంకొకటి వచ్చి 2016లో మూతబడింది. 1990లో నిక్ గ్రొమికో పెట్టిన ఇంటర్‌నాచి అనే సంఘం ఇంటర్నెట్‌ను పట్టుకుని పెరిగింది. ఆన్‌లైన్ పరీక్ష ఉచితం, కోర్సులు ఇంట్లోనే, మార్కెటింగ్ సామాను బోలెడు. యాషీ వాళ్ళు మాది పాత సంఘం, మా సర్టిఫైడ్ హోదాకి కనీసం 250 ఇళ్ళు డబ్బు తీసుకుని చూసి ఉండాలి, బయటి బోర్డు పెట్టే నేషనల్ పరీక్ష పాసవ్వాలి అంటారు. ఇంటర్‌నాచి వాళ్ళు మా ఇన్‌స్పెక్టర్ ఏదైనా చూడకుండా వదిలేస్తే కొన్న తొంభై రోజుల్లోపు మీ ఇంటిని మేమే తిరిగి కొంటాం అంటారు. చూసిన ఇళ్ళూ, శిక్షణ గంటలూ కలిపి వెయ్యి పూర్తయినవాళ్ళకి మాస్టర్ ఇన్‌స్పెక్టర్ అనే బిరుదు వేరే ఉంది, దానికో బోర్డు వేరే.

ఇంటర్‌నాచిలో చేరడం, ఆన్‌లైన్ పరీక్ష రాయడం, నాలుగు నమూనా రిపోర్టులు పంపడం రెండు నెలల్లో అయిపోయాయి. కోర్సులు నిజంగా బాగున్నాయి. కాంక్రీటు తప్ప చెక్క ఇల్లు తెలియని నాకు జాయిస్టు (ఫ్లోరును మోసే దూలం), రాఫ్టరు (పైకప్పును మోసే వాసం), సిల్ ప్లేటు (పునాది మీద పరిచే చెక్క) నేర్పింది అవే. ఇన్సూరెన్స్ ఒక వారం. నిచ్చెన, తేమ చూసే మీటరు, టార్చిలైటు ఒక మధ్యాహ్నం.

తర్వాతే అసలు కథ. ఇక్కడ పనులన్నీ రియల్ ఎస్టేట్ ఏజెంట్ల చేతిలో ఉంటాయి. వాళ్ళ ఆఫీసుల్లో వారానికోసారి మీటింగ్ జరుగుతుంది, కొత్త ఇన్‌స్పెక్టర్లు తినేవి తీసుకెళ్ళి రెండు నిమిషాలు మాట్లాడొచ్చు. నేను రెండు పెట్టెల డోనట్లు, వంద కార్డులు పట్టుకుని ఒక బ్రోకర్ ఆఫీసుకి వెళ్ళాను. మంగళవారం, ఉదయం తొమ్మిదిన్నర. ఇరవై మంది దాకా ఉన్నారు. రాత్రంతా అద్దం ముందు ప్రాక్టీసు చేసిన మాటలు మొదలుపెట్టాను. ముందు వరసలో పెద్దాయన ఒకరు నా డోనట్ తింటూ నా కార్డు తీసి చూశారు. "ఈ గుర్తు ఇంట్లో సోఫాలో కూర్చుని పరీక్ష రాస్తే ఇచ్చేదే కదా? మీరు రాస్తున్నప్పుడు పక్కనెవరున్నారో ఎవరు చూశారు?" అన్నారు. నలుగురు నవ్వారు. "అమెరికాలో ఇప్పటికి ఎన్ని ఇళ్ళు చూశారు?" అన్నారు. పదకొండు అన్నాను. నిజం అదే. మళ్ళీ నవ్వులు. ఆయన కార్డును బల్ల మీద వేలితో నా వైపు తోసేశారు. దాని మీద పంచదార పొడి వేలిముద్ర పడి ఉంది. నా ఆరేళ్ళ సైటు అనుభవం, నేను పరీక్షించిన కాంక్రీటు క్యూబులు, ఏదీ నోట్లోంచి రాలేదు. థాంక్యూ చెప్పి బయటికొచ్చి, పార్కింగ్‌లో కారులో నలభై నిమిషాలు కూర్చున్నాను. ఆ కార్డు ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

ఆ పంతంతోనే నేషనల్ పరీక్షకి కట్టాను. 200 ప్రశ్నలు, నాలుగు గంటలు, పరీక్షా కేంద్రంలో కెమెరాల ముందు. కాలిఫోర్నియా చట్టం అడగని పరీక్ష. మొదటిసారే పాసయ్యాను, ఇది గర్వంగానే చెప్తున్నాను.

పాసైన ధైర్యంతో ఇంకో ఆఫీసుకి వెళ్ళి ఇప్పుడు యాషీకి కూడా దరఖాస్తు పెడుతున్నానని చెప్పాను. అక్కడి మేనేజరు, "అదెందుకండీ? మా క్లయింట్లు ఇల్లు తిరిగి కొంటామనే హామీ ఉందా అనే అడుగుతున్నారు" అన్నారు. ఒకచోట ఇంటర్‌నాచి బ్యాడ్జీ ఉందని నవ్వారు, ఇంకోచోట అదొక్కటే చాలన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండు ఆఫీసుల్లో ఒక్కరు కూడా నా రిపోర్టు చూపించమని అడగలేదు. రెండు సంఘాలూ సభ్యుల దగ్గర ఫీజులు తీసుకుంటాయి, వాటి ప్రకటనలు కొనేవాళ్ళతో మాట్లాడినట్టుంటాయి కానీ వాటికి మొదటి కస్టమర్‌ని నేను. ఈ సంగతి అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది.

మూడో దెబ్బ మనవాళ్ళ దగ్గరే తగిలింది. ఒక తెలుగు ఏజెంటు గారు దయతలచి హేవార్డ్‌లో ఒక పాత ఇల్లు ఇప్పించారు. కొనేది గుంటూరు వైపు దంపతులు, చంటిబిడ్డ. నేను ఇంటి కిందకి, ఫ్లోరుకీ మట్టికీ మధ్య ఉండే ఇరుకు ఖాళీలోకి, పాక్కుంటూ వెళ్ళాను. బాత్రూమ్ కింద, డ్రైన్ పైపు కోసం ఎవరో జాయిస్టును సగానికి పైగా కోసేసి, కింద నాలుగు ఇటుకలు పేర్చి వదిలేశారు. చేత్తో తాకితే పై ఇటుక కదిలింది. వాటర్ హీటరుకి భూకంపంలో పడిపోకుండా కట్టే పట్టీలు రెండుండాలి, పైదొక్కటే ఉంది. ఏజెంటు గారు నన్ను పక్కకి పిలిచి, "అమ్మా, కాస్త మెత్తగా రాయి. నెలకి నాలుగిళ్ళు నీకే పంపిస్తా" అన్నారు. నేను ఫోటోలతో సహా ఉన్నదున్నట్టు రాశాను. ఆయన మళ్ళీ ఫోన్ చేయలేదు. ఆ దంపతులు రిపోర్టు చూపించి అమ్మేవాళ్ళ చేతే జాయిస్టు సరిచేయించుకున్నారు. వాళ్ళ నోటి మాట మీదే నాకు పద్నాలుగు ఇళ్ళు వచ్చాయి.

ఏజెంటుకి పనులు పంపినందుకు డబ్బివ్వకూడదని యాషీ నియమావళిలోనూ ఉంది, ఇంటర్‌నాచి నియమావళిలోనూ ఉంది. పోట్లాడుకునే రెండు సంఘాలూ ఒక్కటైన ఈ మాటనే ఏ ప్రకటనలోనూ పెద్దక్షరాల్లో వేయరు. నాకు కోపం తెప్పించేది ఇదే. ఇల్లు కొనే తెలుగువాళ్ళకి చేతులెత్తి చెప్తున్నాను. ఏజెంటు ఇచ్చిన ముగ్గురు ఇన్‌స్పెక్టర్ల లిస్టుతో ఆగకండి. పాత రిపోర్టు ఒకటి పంపమనండి. ఇంటి కిందకి మనిషి స్వయంగా దిగుతాడా అని అడగండి. ఈ పనిలోకి రావాలనుకునేవాళ్ళు ఏ సంఘంలోనైనా చేరండి, పరీక్ష మాత్రం నేషనల్‌దే రాయండి, డోనట్లు మోసుకెళ్ళకండి.

కొత్త కార్డుల ప్రూఫ్ నిన్న రాత్రి ప్రెస్సుకి పంపాను. రెండు బ్యాడ్జీలూ ఉన్నాయి, వెనకవైపు కింద చిన్నగా. ముందువైపు నా పేరు కింద ఒకటే లైను: "ముందు నా రిపోర్టు చదవండి". రేపు ఉదయం ఎనిమిదింటికి క్యాస్ట్రో వ్యాలీలో 1952 నాటి ఇల్లు ఉంది. టార్చిలైటు ఛార్జింగ్‌లో పెట్టాను.