వరంగల్ ఎండకు నిలిచే ఫజ్ పెడల్

ఫజ్ పెడల్ అంటే గిటార్ శబ్దాన్ని గరగరలాడించే, కాలితో తొక్కే చిన్న డబ్బా. దాన్ని కట్టే లెక్కలు చాలావరకు చల్లని ఊళ్లలో పుట్టినవి. ఫజ్ ఫేస్ అనే గుండ్రటి డబ్బా 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ నుంచి వచ్చింది. లోపల చూస్తే రెండు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు కంట్రోళ్లు, ఒక 9 వోల్టుల బ్యాటరీ. అంతే. అమెరికా గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కాలి కింద మోగింది ఇదే. గిటార్ నుంచి వచ్చే తరంగాన్ని విపరీతంగా పెంచి, పైనా కిందా కోసేస్తుంది. ఆ కోతలోంచే గరగరలాడే, సాగే నాదం పుడుతుంది. ఇంత చిన్న సర్క్యూట్ గురించి ఎంతో చదివాను, కానీ ఆ లెక్కల్లో మే నెల హనుమకొండ లేదు. దాన్ని నేనే కలుపుకోవాల్సి వచ్చింది.

పగలు ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు బాగుచేస్తాను. పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాతో గిటార్ వాయిస్తాను. సోల్డరింగ్ ఐరన్ చేతిలో ఉన్న మనిషికి ఫజ్ కట్టుకోవడంలో ఒక ఆనందం ఉంది. రెండు ట్రాన్సిస్టర్లు మారిస్తే చాలు, అదే బోర్డు మీద వేరే గొంతు పలుకుతుంది. డబ్బు పెట్టి కొన్నదాంట్లో అది దొరకదు.

రెసిస్టర్లు, కెపాసిటర్లు, డాట్ బోర్డు హనుమకొండలోనే దొరికాయి. గిటార్ వైరు గుచ్చే పి-38 సాకెట్లు మైకుల షాపులో తీసుకున్నా. కాలితో తొక్కే తొమ్మిది కాళ్ల స్విచ్ మాత్రం ఇక్కడ లేదు. హైదరాబాద్ పోయినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో వెతికి తెచ్చుకున్నా. అసలు సరుకు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. వాటికోసం పోచమ్మ మైదాన్ దగ్గర పాత రేడియోలు బాగుచేసే ఒక కాక దగ్గరికి పోయాను. ఆయన దగ్గర రేకు డబ్బా నిండా ఏసీ 128లు, ఏసీ 127లు ఉన్నాయి. పాత ట్రాన్సిస్టర్ రేడియోల్లో స్పీకర్‌ను నడిపే జంట అవి. 128 పీఎన్‌పీ, 127 ఎన్‌పీఎన్, అంటే ఒకదానికి బ్యాటరీ ఒక వైపు పెడితే రెండోదానికి తిప్పి పెట్టాలి.

"ఇప్పుడు గివి ఎవలు అడుగుతలేరు బిడ్డా, ఏం జేస్తవ్?" అన్నాడు.

గిటార్‌కు పెడల్ కడతానని చెప్పాను. ఆయన ఒకటి తీసి చేతిలో దొర్లిస్తూ, "ఎండకాలం గివి కుదురుగుండయి. రేడియో నీడల పెట్టుకోమని చెప్పేటోన్ని అందరికి" అన్నాడు. ఆ మాట విలువ తర్వాత తెలిసింది.

జెర్మేనియం కొనేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది లీకేజీ గురించి. ట్రాన్సిస్టర్‌కు మూడు కాళ్లు: బేస్, కలెక్టర్, ఎమిటర్. బేస్‌కు ఇచ్చే చిన్న కరెంటు మిగతా రెండింటి మధ్య పెద్ద కరెంటును నడుపుతుంది, ఎన్ని రెట్లో చెప్పేదే గెయిన్. జెర్మేనియంలో బేస్‌కు ఏమీ ఇవ్వకపోయినా కలెక్టర్ నుంచి కొంత కరెంటు కారుతూనే ఉంటుంది. మల్టీమీటర్‌లో గెయిన్ కొలవడానికి ఉండే హెచ్‌ఎఫ్‌ఈ సాకెట్ ఆ కారే కరెంటును కూడా గెయిన్ కిందే లెక్కేసి చూపిస్తుంది. 150 చూపించిన ముక్క నిజంగా 80 కావచ్చు. అందుకని చిన్న పరీక్ష పెట్టుకోవాలి. 9 వోల్టుల బ్యాటరీ, కలెక్టర్‌కు 2.2కె (కె అంటే వెయ్యి ఓమ్‌లు), 270 ఓమ్‌లు వరుసగా కలిపిన రెసిస్టర్, ఎమిటర్ బ్యాటరీ రెండో కొసకు. ముందు బేస్ ఖాళీగా ఉంచి ఆ రెసిస్టర్ మీద వోల్టేజీ చూడాలి. అది లీకేజీ. పావు వోల్టు కనిపిస్తే 100 మైక్రో ఆంపియర్లు కారుతున్నట్టు. తర్వాత బేస్‌కు 2.2 మెగా ఓమ్‌ల రెసిస్టర్ తగిలిస్తే సుమారు 4 మైక్రో ఆంపియర్లు లోపలికి పోతాయి. ఇప్పుడు వచ్చిన వోల్టేజీలోంచి మొదటిది తీసేసి వందతో గుణిస్తే అసలు గెయిన్. పీఎన్‌పీకి బ్యాటరీ ఒక వైపు, ఎన్‌పీఎన్‌కు తిప్పి ఇంకో వైపు. వేలితో పట్టుకుని ఉంటే రీడింగు మీ కళ్లముందే ఎక్కుతుంది, ఆ మాత్రం వేడికే. పట్టుకోకుండా కాసేపు ఆగి చూడాలి.

కాక ఇచ్చినవాటిలో చాలా ముక్కలు ఈ పరీక్షలో పోయాయి. సర్క్యూట్‌లో గిటార్ వైపున్న మొదటి స్థానానికి 70, 80 గెయిన్ ఉన్నది, రెండో స్థానానికి 110, 120 ఉన్నది ఏరుకున్నా. రెండింటిలో తక్కువ కారేది మొదటి స్థానానికి.

బోర్డు మీద కట్టడం పెద్ద పనేం కాదు. మొదటి కలెక్టర్‌కు 33కె, రెండో కలెక్టర్‌కు 470 ఓమ్‌లు, 8.2కె వరుసగా. రెండో ఎమిటర్ నుంచి మొదటి బేస్‌కు 100కె. లోపలికి 2.2 మైక్రోఫారడ్, బయటికి 0.01. ఫజ్ కంట్రోల్ 1కె, దాని మధ్య కాలు నుంచి 22 మైక్రోఫారడ్ గ్రౌండుకు, అంటే సర్క్యూట్ అంతటికీ ఉమ్మడిగా ఉండే తీగకు. వాల్యూమ్ 500కె. ట్రాన్సిస్టర్లను బోర్డుకు అతికించలేదు. ఐసీ సాకెట్‌ను కోసి మూడేసి రంధ్రాలుగా పెట్టి వాటిలో గుచ్చాను. జెర్మేనియం ఐరన్ వేడికి పాడవుతుంది, పైగా మార్చి మార్చి వినే వీలుంటుంది. పీఎన్‌పీ కాబట్టి బ్యాటరీ ప్లస్ గ్రౌండుకు పోతుంది. అందుకే ఈ పెడల్‌ను మిగతావాటితో కలిపి ఒకే అడాప్టర్ మీద నడపకూడదు. హై-వాట్ బ్యాటరీ ఒకటి వేస్తే నెలలు వస్తుంది. మొత్తం సర్క్యూట్ తినేది ఒక మిల్లీ ఆంపియర్ లోపే. డబ్బా లోహంది కావాలి, అది గ్రౌండుకు తగలాలి, లేకపోతే జనరేటర్ మీద నడిచే స్టేజీలో గుయ్యిమని మోగుతుంది.

జనవరిలో ఆ పెడల్ పలికిన తీరు ఇంకా చెవుల్లో ఉంది. గిటార్ మీది వాల్యూమ్ పూర్తిగా తిప్పితే గొంతు చించుకుని పాడుతుంది. అదే వాల్యూమ్ కొంచెం తగ్గిస్తే గరగర అంతా కరిగిపోయి గాజులాంటి తేట శబ్దం వస్తుంది. పెడల్ కాలితో ఆపే అవసరమే లేదు. ఫజ్ ఫేస్ ఇన్‌పుట్ దగ్గరి నిరోధం చాలా తక్కువ, గిటార్ పికప్ (తీగల కదలికను కరెంటుగా మార్చే చుట్ట) నేరుగా దానికి తగులుతుంది. ఆ రెండూ కలిసి పనిచేయడం వల్ల వచ్చే గుణమిది. దీనికి ముందు బఫర్ పెడల్ (గిటార్‌ను తర్వాతి పెడల్ నుంచి విడదీసేది) పెడితే ఇది పోతుంది. గిటార్ తర్వాత మొదటి పెడల్ ఫజ్ కావాల్సిందే.

మార్చి దాటాక గొంతు మారింది. నా షెడ్డుకు రేకుల కప్పు. పొద్దున బాగానే పలికి, మధ్యాహ్నానికి తీగ మీటగానే ఒకసారి ఉమ్మినట్టు వచ్చి తెగిపోతోంది. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర పొద్దున నాలుగున్నర వోల్టులు, అంటే బ్యాటరీలో సగం, ఉండాల్సిన చోటే ఉంది. మధ్యాహ్నం ఏడు దాటింది.

కారణం లెక్క వేస్తే స్పష్టంగా ఉంది. జెర్మేనియం లీకేజీ సుమారు పది డిగ్రీలకు రెట్టింపవుతుంది. 25 డిగ్రీల దగ్గర 50 మైక్రో ఆంపియర్లు కారే ముక్క 45 దగ్గర 200 కారుస్తుంది. మొదటి ట్రాన్సిస్టర్ మొత్తం నడిచేదే పావు మిల్లీ ఆంపియర్ మీద. అందులో అధిక భాగం కారుడుకే పోతే, బేస్‌కు కావాల్సిన కరెంటు తగ్గుతుంది. ఆ కరెంటు పంపేది రెండో ట్రాన్సిస్టర్ ఎమిటర్ కాబట్టి, అక్కడ వోల్టేజీ తగ్గి రెండో ట్రాన్సిస్టర్ మూసుకుపోతుంది. మంచి ముక్క ఏరుకున్నా సరే, ఇక్కడి ఎండ దాన్ని చెడ్డ ముక్కలా నడిపిస్తుంది.

8.2కె తీసేసి దాని బదులు 25కె కంట్రోల్ పెట్టి బయటికి నాబ్ ఇచ్చాను. తిప్పుతూ నాలుగున్నరకు తెచ్చుకోవచ్చు. సాయంత్రం కచేరీలకు ఇది చాలు. కానీ షామియానా కింద మధ్యాహ్నం రిసెప్షన్‌కు చాలదు. వోల్టేజీ దారికి వచ్చినా రెండో ట్రాన్సిస్టర్‌లో పారే కరెంటు పలచబడింది కదా, జనవరి గొంతు రాదు.

అప్పుడు సిలికాన్ వైపు తిరిగాను. 1960ల చివర్లో ఫజ్ ఫేస్ కట్టేవాళ్లు కూడా బీసీ 183, బీసీ 108 లాంటి సిలికాన్‌కే మారారు. నేను ఎస్ఎల్ 100 పెట్టాను. మన దగ్గర పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ ల్యాబుల్లో చదివినవాళ్లందరి చేతుల్లో నలిగిన లోహపు టోపీ ట్రాన్సిస్టర్ అది. ఎన్‌పీఎన్ కాబట్టి మైనస్ గ్రౌండు, అడాప్టర్ బాధ లేదు. ఆ 25కె నాబ్ ఐదారు కె దగ్గర పెడితే నాలుగున్నర వోల్టులు వచ్చాయి. ఎండలో కదల్లేదు. కానీ శబ్దంలో అంచు పదును ఎక్కువైంది, పెడల్ తొక్కి ఊరుకుంటే సన్నగా రేడియో వార్తలు వినిపించాయి. మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కు, బేస్‌కు మధ్య 220 పికోఫారడ్ వేస్తే వార్తలు ఆగాయి, పదును కొంత తగ్గింది. అయినా వాల్యూమ్ తగ్గించినప్పుడు ఆ గాజు తేట సిలికాన్‌లో అంతగా లేదు.

దారి దొరికింది కాక ఇచ్చిన డబ్బాలో వాడకుండా పడున్న ఏసీ 127లో. వేడికి దెబ్బతినేది మొదటి ట్రాన్సిస్టర్ అయితే అది ఒక్కటే సిలికాన్ చేస్తే సరిపోతుంది. మొదటి స్థానంలో 80 గెయిన్ ఎస్ఎల్ 100, రెండో స్థానంలో ఏసీ 127. రెండూ ఎన్‌పీఎన్. ఏసీ 127 కారుతుంది, నిజమే. కానీ దాని ఎమిటర్ దగ్గరి వోల్టేజీని 100కె దారిన మొదటిది చూస్తూ ఉంటుంది. కారుడు పెరిగినంత మేర రెండోదాని బేస్‌కు ఇచ్చేది తగ్గించి, మొత్తం కరెంటును చెదరనివ్వదు. ఏప్రిల్‌లో రేకుల కింద పొద్దున నాలుగున్నర ఉన్నది మధ్యాహ్నం పావు వోల్టు మాత్రమే జరిగింది. చెవికి తేడా తెలియలేదు. రెండో స్థానంలో జెర్మేనియం ఉండటం వల్ల కోత అంచు మెత్తబడింది, వాల్యూమ్ తగ్గిస్తే తేట తిరిగొచ్చింది. జనవరి గొంతుకు నూటికి నూరు కాదు, చాలా దగ్గర. ఈ ఊళ్లో వాయించేవాళ్లకు ఇదే కట్టుకోమని చెబుతాను.

ఇంకో రెండు మార్పులు చేసుకున్నా. నా గిటార్‌కు హంబకర్ పికప్‌లు, అంటే రెండేసి చుట్టలవి, 2.2 మైక్రోఫారడ్‌తో లావు తీగల శబ్దం బురదగా ఉండేది, 0.22 వేస్తే తేరుకుంది. 470 ఓమ్‌ల చోట 1కె పెడితే డ్రమ్స్ మీదుగా వినపడేంత వాల్యూమ్ వచ్చింది.

కరీంనగర్‌లో వాయించే ఒక తమ్ముడు తనకూ ఒకటి కట్టివ్వమన్నాడు. కాక దగ్గర ఇంకొన్ని 127లు తెచ్చి కొలుస్తున్నా. మూత లోపలి వైపు రెండు ట్రాన్సిస్టర్ల గెయిన్, రెండోదాని లీకేజీ, కలెక్టర్ వోల్టేజీ, కొలిచినప్పుడు షెడ్డులో ఎన్ని డిగ్రీలున్నాయో మార్కర్‌తో రాసి ఇస్తాను. రేపు అతను ట్రాన్సిస్టర్ మార్చుకోవాలనుకుంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఆ ఐదు అంకెలు చెబుతాయి.