కడియంలో ఒకే చోట కూర్చున్న రోజు

హార్టికల్చర్ చివరి ఏడాదిలో ఒక నర్సరీలో ఇంటర్న్‌షిప్ చేశాను. మొదటి నెలలో నేను కట్టిన యాభై మామిడి అంట్లలో బతికినవి నాలుగే. పరీక్షలో అంటు ఎలా కట్టాలన్న ప్రశ్నకి బొమ్మ గీసి మరీ రాశాను, అయినా మంచి చెట్టు నుంచి కోసి మొక్కకి అతికించిన పుల్లలు రోజుకి రెండు మూడు చొప్పున నల్లబడిపోతుంటే ఏడుపొచ్చేది.

అప్పటికే ఒకసారి నర్సరీలకి పేరున్న కడియం ట్రిప్ అయింది. ఒకే బస్సులో నలభై మందిమి, కడియపులంక, వేమగిరి చుట్టూ ఒక్క రోజులో ఆరు నర్సరీలు చూశాం. పేర్లు రాసుకున్నాం, ఫొటోలు తీసుకున్నాం, అంతే. అందుకే రెండోసారి ఐదుగురమే వెళ్తాం, బుర్రిలంకలో ఒక్క నర్సరీలోనే సాయంత్రం దాకా ఉంటాం అని సార్‌ని బతిమాలితే ఒప్పుకున్నారు.

అక్కడ షేడ్ నెట్ కింద అంట్లు కట్టే ఒక అక్క పక్కన కూర్చున్నాను. టెంక మొలిచి రెండు వారాలైన మొక్క, ఆకులు ఇంకా రాగి రంగులోనే ఉన్నాయి. తల కోసి, కాండం నడిమికి చీల్చి, పుల్లని రెండే కోతలతో మేకులా చెక్కి దించేసింది. నేనైతే నాలుగైదుసార్లు చెక్కేదాన్ని, కోత ఎగుడుదిగుడయ్యేది. నేను కట్టినవి మూడు విప్పి చూపించింది.

"చూడమ్మా, పుల్ల సన్నంగా ఉంటే మధ్యలో పెట్టకూడదు. ఒక పక్కకి జరుపు, తోలుకి తోలు ఆనాలి."

కేంబియం, అంటే తోలు కిందుండే పెరిగే పొర, రెండింటిదీ కలవాలని పుస్తకంలో చదివింది ఇదే, కానీ చేతికి తెలియలేదు. ఇంకో సంగతి, వాళ్లు పుల్ల కోయడానికి వారం పది రోజుల ముందే చెట్టు మీద ఆకులు కత్తిరించి తొడిమలు ఉంచేస్తారు, తొడిమలు రాలి మొగ్గ ఉబ్బాకే కోస్తారు. మేమేమో పొద్దున కోసి మధ్యాహ్నం కట్టేవాళ్లం! పైన తొడిగే ప్లాస్టిక్ గొట్టం కూడా, లోపల తేమ ఆరిపోకుండా, చిగురు కనిపించేదాకా తియ్యరు.

తిరిగొచ్చాక ముప్పై కట్టాను, ఇరవై ఒకటి చిగురేశాయి. అందులో ఒక బంగినపల్లి మొక్క తీసుకెళ్లి అక్కకి ఇచ్చాను. ఆవిడ చిగురు వైపు చూడనే లేదు, ముందు అతుకు మీద బొటనవేలు పెట్టి చుట్టూ తడిమింది.