మంగళ, గురు, శని

2003 నుంచి 2010 దాకా చెన్నై జార్జ్ టౌన్‌లోని మన స్కూల్లో చదివిన వాళ్ళందరికీ ఆ టైంటేబుల్ గుర్తుండే ఉంటుంది. మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం తెలుగు పీరియడ్ ఉండేది కాదు. తెలుగు టీచర్‌గారి క్లాసులన్నీ పొద్దున్నే అయిపోయేవి. ఒంటిగంటకల్లా గేటు దగ్గరికి ఆటో వచ్చేది, ఆవిడ మెషీన్‌తో రక్తం శుభ్రం చేయించుకునే డయాలసిస్‌కి వెళ్ళిపోయేవారు. మూడో రోజు శనివారం, ఆ రోజు ఎలాగూ సెలవే. ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు, అచ్చులో వేయొద్దని ఆవిడే అన్నారు. జార్జ్ టౌన్‌లో ఆ రోజుల్లో చదివిన వాళ్ళకి చెప్పనక్కర్లేదు కూడా.

తనకు బీపీ ఉన్న సంగతి ఆవిడకు చాలాకాలం తెలియలేదట. తెలిసేసరికి రెండు కిడ్నీలూ పాడైపోయాయి. చెల్లెలు కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చారు కానీ ఆ చెల్లెలికి షుగర్, డాక్టర్లు ఒప్పుకోలేదు. ఇక వారానికి మూడుసార్లు, పోయినప్పుడల్లా నాలుగు గంటలు మెషీన్ పక్కన పడుకోవడమే. మొదట్లో ఒకరిద్దరు తల్లిదండ్రులు ఇది అంటుకునే జబ్బేమోనని హెడ్‌మాస్టరుగారిని అడిగారు. ఆయన కూర్చోబెట్టి అన్నీ వివరంగా చెప్పి పంపించారు. ఆ మాట మళ్ళీ ఎక్కడా వినపడలేదు.

జబ్బు చేసిన మనిషిని చూడ్డానికి మనవాళ్ళు ఉత్త చేతులతో పోరు. బత్తాయిలు, అరటిపళ్ళు, కొబ్బరి బొండాలు టీచర్స్ రూముకి వచ్చిపడ్డాయి. కోయంబేడులో పళ్ళ వ్యాపారం చేసే ఒక నాన్నగారైతే బుట్టే పంపించారు. కిడ్నీలు పనిచేయని మనిషికి సరిగ్గా అవే ప్రమాదం. వాటిలోని పొటాషియం బయటికి పోయే దారి లేక రక్తంలో పేరుకుపోతుంది, మరీ ఎక్కువైతే గుండే ఆగిపోవచ్చు. ఇంత ప్రేమగా తెచ్చినదాన్ని వద్దని చెప్పడానికి టీచర్‌గారికి నోరు వచ్చేది కాదు.

ఆ పని మన ఆయమ్మ చేసింది. ఒకరోజు టీచర్‌గారికి తోడుగా ఆస్పత్రికి వెళ్ళి, అక్కడి నర్సుని ఏది పెట్టొచ్చు, ఏది పెట్టకూడదు అని ఒక్కొక్కటే అడిగి బట్టీ పట్టుకొచ్చింది. మర్నాటినుంచి గేటు దగ్గర నిలబడి, "టీచరమ్మకి ఎళనీరు (కొబ్బరినీళ్ళు) వద్దు, ఆరంజి వద్దు, వాళపళం (అరటిపండు) వద్దు" అని తమిళమూ తెలుగూ కలిపి వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. కూరగాయలు తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వంపేసి అప్పుడు వండాలని మా అమ్మకి తెలిసింది ఆయమ్మ దగ్గరే. మా వీధిలో కొందరు అమ్మలు వంతులవారీగా అలా వండి, ఉప్పు బాగా తగ్గించి క్యారియర్ పంపేవాళ్ళు. నెల్లూరు నుంచి కొత్త ఆవకాయ వచ్చినా ఆ క్యారియర్‌లోకి మాత్రం వెళ్ళేది కాదు.

ఆహారం సంగతి ఎలాగో సర్దుకుంది. నీళ్ళే అసలు కష్టం. ఉప్పు తింటే దాహం, దాహమని నీళ్ళు తాగితే ఒంట్లోనే నిలిచిపోతాయి, మరీ ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం. అందుకని రోజు మొత్తానికి కొలత పెట్టుకుని తాగాలి. మద్రాసు ఎండలో! 2004 వేసవిలో వీధుల్లో మెట్రో వాటర్ లారీల కోసం బిందెలు బారులు తీరి ఉండేవి. ఆ ఎండల్లో ఆవిడ చిన్న స్టీలు గ్లాసులో రెండు గుక్కలు తాగి, మిగిలింది మూతపెట్టి పక్కన పెట్టుకునేవారు. ఆయమ్మ ఫ్లాస్కులో ఐసుముక్కలు తెచ్చి ఇచ్చేది, ఒకటి చప్పరిస్తే కాసేపు నోరు తడిగా ఉంటుందని.

మా క్లాసులో ఎవరూ ఎవరికీ చెప్పలేదు కానీ ఆవిడ పీరియడ్‌లో నీళ్ళ బాటిల్ బయటికి తీయడం మానేశాం. కొన్నాళ్ళకి ఆవిడ కనిపెట్టేశారు. "ఒరేయ్, మీరు తాగడం మానేస్తే నా దాహం తీరుతుందట్రా? తీయండి బాటిళ్ళు" అని గదమాయించి, అందరూ తాగేదాకా పద్యం మొదలుపెట్టలేదు.

ఎడమ చేతికి మణికట్టు పైన ఆపరేషన్ చేసి ధమనినీ సిరనీ కలిపారు, డయాలసిస్ సూదులు గుచ్చడానికి. దాన్ని ఫిస్టులా అంటారు. ఆ చేత్తో బరువు మోయకూడదు, ఆ చేతికి బీపీ చూడకూడదు. అందుకే కాంపోజిషన్ నోటుపుస్తకాల కట్టలు ఆటో దాకా మోసేది మేమే. ఒకసారి మమ్మల్ని పిలిచి ఆ చోట వేలు పెట్టి చూడమన్నారు. చర్మం కింద జుమ్మని అదురుతోంది. అలా అదిరితే బాగా పనిచేస్తున్నట్టట, రోజూ పొద్దున లేవగానే అదే చూసుకుంటానన్నారు. ఎడమ చెయ్యి కదలకూడని ఆ నాలుగు గంటల్లో కుడిచేత్తో మా నోటుపుస్తకాలు దిద్దేవారు. బీపీ పడిపోయి, పిక్కలు పట్టేసిన రోజుల్లో ఎర్రసిరా గీతలు వంకరగా ఉండేవి. అయినా ఒక్క ఒత్తు తప్పు కూడా వదిలేవారు కాదు.

డబ్బు సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత మన లెక్కల మాస్టారు చెబితే తెలిసింది. డయాలసిస్ ఖర్చు ఒకటైతే, రక్తం పట్టడానికి వేసే ఇంజెక్షన్ల ఖర్చు వేరే. చెన్నైలో 1993లో మొదలైన ట్యాంకర్ ఫౌండేషన్ లాంటి సంస్థలు తక్కువ ధరకి డయాలసిస్ చేస్తున్నా, టీచర్ జీతానికి అది మోయలేని బరువే. చందాలంటే ఆవిడ ఒప్పుకోరు. స్టాఫ్ వేసుకునే చీటీ ఒకటి ఉండేది. ఆవిడకి అవసరమైన నెలలో మిగతా వాళ్ళెవరూ పాట పాడేవారు కాదు, చీటీ ఆవిడకే వదిలేసేవారు. ఆవిడ ఏ నెలా వాయిదా తప్పకుండా కట్టేశారు. మన స్కూల్లో జరిగిన అన్నిటిలోకీ నాకు ఇదే గొప్పగా కనిపిస్తుంది. అయ్యో పాపం అనేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. అప్పు తీర్చే మనిషిగా ఆవిడ గౌరవాన్ని అలాగే నిలబెట్టి సాయం చేయాలంటే కూర్చుని ఆలోచించాలి. మన మాస్టర్లు ఆలోచించారు.

2008లో చెన్నైలో ఒక డాక్టర్ దంపతులు ప్రమాదంలో పోయిన తమ కొడుకు అవయవాలు దానం చేశారు. అవయవదానం మాట అప్పుడే ఇంటింటికీ చేరింది. ఆ ఏడాదే తమిళనాడు ప్రభుత్వం బ్రెయిన్ డెడ్ అయినవారి అవయవాలను వరుస ప్రకారం ఇచ్చే పద్ధతి మొదలుపెట్టింది. టీచర్‌గారు పేరు నమోదు చేసుకున్నారు. 2010లో ఒక అర్ధరాత్రి ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఆటో నడిపేది మన జూనియర్ వాళ్ళ నాన్నే, అంత రాత్రప్పుడు కూడా పిలవగానే వచ్చాడు. కిడ్నీ ఎవరిదో ఆవిడకి చెప్పలేదు, చెప్పరు. ఆ ఇంటివాళ్ళ పేరున ఏటా తన చేత్తో అన్నం వండి పిల్లలకు పెట్టేవారు.

ఆపరేషన్ తర్వాత ఒంటి రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. అందుకని క్లాసులో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే ముందు టీచర్‌గారికి కబురు వెళ్ళేది. ఈ జాగ్రత్త మా తర్వాతి బ్యాచుల పిల్లలు పాటించారు, ఇక్కడ వాళ్ళ మేలు కూడా చెప్పాలి.

ఆవిడ 2016లో రిటైరయ్యారు. ఇప్పుడు నెల్లూరులో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. ఈ వ్యాసం గురించి ఫోన్ చేస్తే, సంచికలో అచ్చుతప్పులు ఉండకూడదని గట్టిగా చెప్పారు. ఆయమ్మ రాయపురంలో కొడుకు దగ్గర ఉంది. తెలుగు వింటే అంతా అర్థమవుతుంది, చదవడం రాదు. సంచిక చేతికి రాగానే వెళ్ళి ఇది ఆమెకు చదివి వినిపిస్తాను. ఆ రోజుల్లో ఆయమ్మతో తీయించుకున్న ఫొటోలు మీలో ఎవరి దగ్గరైనా ఉంటే నాకు పంపండి, ఆమె దగ్గర ఒక్కటి కూడా లేదట.