ఎస్2000కి ఆయిల్ ఫిల్టర్ కొనబోతే

ఆయిల్ మార్చడం నాకు కొత్త కాదు. హోండా ఎస్2000 కారు చేతికొచ్చినప్పటి నుంచీ దాని ఇంజన్ మీద ఇంకొకరిని చెయ్యి వెయ్యనివ్వలేదు. ఈసారి మాత్రం ఒక్క ఫిల్టర్ కోసం నానా అవస్థా పడ్డాను. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

నాది 2002 మోడల్, ఎఫ్20సి ఇంజన్. 1997 సీసీ, టర్బో లేదు. అయినా అమెరికా మోడల్ 240 హార్స్‌పవర్ ఇస్తుంది, 9,000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. ఆరు వేలకు దగ్గర పడుతుంటే వీటెక్, అంటే వేగం పెరిగాక ఇంజన్ వాల్వుల్ని ఇంకా ఎక్కువ తెరిచే ఏర్పాటు, అందుకుంటుంది చూడండి, అప్పుడు దాని లోపలి పిన్నుల్ని నెట్టేది ఆయిల్ ప్రెషరే. అలాంటి ఇంజన్‌కి ఏదో ఒక ఫిల్టర్ బిగించి వదిలెయ్యడానికి నాకు మనసొప్పదు. దీనికి హోండా ఇచ్చిన ఫిల్టర్ నంబర్ 15400-పీసీఎక్స్-004. సివిక్, అకార్డ్‌లకి మామూలుగా ఇచ్చేది 15400-పీఎల్ఎం-ఏ02. రెండింటి థ్రెడ్, అంటే బిగించే మర, ఒకటే, 20 మిల్లీమీటర్లు, 1.5 పిచ్. గొడవంతా అక్కడే మొదలైంది.

10డబ్ల్యూ-30 ఆయిల్, డ్రెయిన్ బోల్ట్‌కి 14 మిల్లీమీటర్ల అల్యూమినియం వాషర్ ఇట్టే దొరికాయి. ఫిల్టర్ కోసం డాలస్‌లో మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక డీలర్ పార్ట్స్ కౌంటర్‌కి వెళ్లాను. కారు పేరు చెప్పగానే అతను కంప్యూటర్ వైపు కూడా చూడకుండా సివిక్ ఫిల్టర్ తెచ్చి ముందు పెట్టాడు. ఇది కాదు, పీసీఎక్స్ కావాలన్నాను. "అన్ని హోండాలకీ ఇదే" అన్నాడు. నంబర్ చెప్పాను. అర్థం కానట్టు మొహం పెట్టి మళ్లీ చెప్పమన్నాడు, మళ్లీ చెప్పమన్నాడు. ఒక్కో అక్షరం విడదీసి చెబుతుంటే నా వెనక నిలబడ్డవాళ్ల వైపు చూసి నవ్వుతున్నాడు. కిందటిసారి తీసిన ఫిల్టర్‌ని జిప్ కవర్‌లో పెట్టి తీసుకెళ్లాను, దాని మీద నంబర్ అచ్చేసి ఉంది. కౌంటర్ మీద పెట్టి చూపిస్తే వేలితో పక్కకి జరిపాడు. "థ్రెడ్ ఎక్కుతుంది కదా, ఇంకేం కావాలి? ఇంటర్నెట్‌లో చదివొచ్చేవాళ్లతో ఇదే తంటా" అన్నాడు. వెనకున్నవాళ్లు కూడా నవ్వారు. పక్కనే మా అమ్మాయి ఉంది. "నాన్నా, వెళ్లిపోదాం" అని చెయ్యి పట్టుకుని లాగింది. తల కొట్టేసినట్టయింది.

నేను కదల్లేదు. కారు విన్ నంబర్, అంటే ఒక్కో కారుకీ విడిగా ఉండే గుర్తింపు నంబర్, కంప్యూటర్‌లో కొట్టి చూడమని అడుగుతూనే ఉన్నాను. చివరికి లోపలి నుంచి ఒక పెద్దాయన వచ్చి కొట్టి చూశాడు. తెరమీద పీసీఎక్స్-004 కనిపించింది. "స్టాక్‌లో లేదు, ఆర్డర్ పెట్టాలి" అన్నాడు. మొదటివాడు సారీ చెప్పలేదు సరికదా, అప్పటికే వేరేవాళ్లతో మాటల్లో పడ్డాడు. అక్కడ ఆర్డర్ ఇవ్వలేదు, ఇక ఆ గుమ్మం తొక్కను కూడా. వేరే చోట నుంచి తెప్పించుకున్నాను. కస్టమర్ చేతిలో నంబర్ పట్టుకొచ్చినప్పుడు ఒక్క నిమిషం చూడ్డానికి అంత నామోషీ ఏమిటి? ఇంగ్లిష్ యాస వేరైనంత మాత్రాన మనకి ఇంజన్ తెలియదనుకోవడం ఏం మర్యాద?

థ్రెడ్ ఎక్కినంత మాత్రాన సరిపోయినట్టు కాదని వాడికి చెప్పలేకపోయాను, ఇక్కడైనా చెబుతాను. ఫిల్టర్ లోపల బైపాస్ వాల్వ్ ఉంటుంది. చలికి ఆయిల్ చిక్కబడినా, వడకట్టే కాగితం మూసుకుపోయినా అది తెరుచుకుని ఆయిల్‌ని వడకట్టకుండానే ఇంజన్‌లోకి పంపుతుంది. ఎంత ప్రెషర్ తేడాకి తెరుచుకోవాలన్నది ఇంజన్‌ని బట్టి ఉంటుంది, డబ్బా బయటి నుంచి చూస్తే తెలియదు. ఇంజన్ ఆపాక ఆయిల్ వెనక్కి కారిపోకుండా ఇంకో రబ్బరు వాల్వ్ ఉంటుంది. అది సిలికాన్‌దైతే వేడికి తట్టుకుంటుంది, మామూలు నైట్రైల్ రబ్బరు కాలం గడిచేకొద్దీ గట్టిపడుతుంది. ఇక డబ్బా మీద "20 మైక్రాన్లు" అని రాసి ఊరుకుంటే నమ్మకండి. ఆ సైజు నలుసుల్లో ఎంత శాతం పడుతుందో, ఐఎస్ఓ 4548-12 పరీక్ష ప్రకారం చెప్పినవాటినే చూడండి. రేసింగ్ అని పేరున్నవి కొన్ని ఆయిల్‌ని ధారాళంగా వదలడానికి వడకట్టే పని తగ్గించుకుంటాయి. రోజూ ఆఫీసుకి వెళ్లే కారుకి అవెందుకు?

ఒకసారి పాత చవక ఫిల్టర్ ఒకటి కోసి చూశాను. లోపల రెండు చివర్లా అట్ట బిళ్లలు, మడతలు ఒకచోట ఒత్తుగా, ఇంకోచోట బాగా వదులుగా. అప్పటి నుంచి ధర చూసి ఫిల్టర్ కొనడం మానేశాను.

కొత్త కారున్నవాళ్లకి ఇంకో మాట. బయటి ఫిల్టర్ వాడితే వారంటీ పోతుందని డీలర్ బెదిరిస్తే కంగారు పడకండి. అమెరికాలో 1975 నుంచీ మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. ఆ ఫిల్టర్ వల్లే ఇంజన్ పాడైందని వాళ్లు చూపించాలి. బిల్లులు మాత్రం దాచుకోండి.

బిగించడం తేలికే. పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయిందేమో వేలితో చుట్టూ తడిమి చూసుకోండి. దాని మీదే కొత్తది ఎక్కిస్తే ఆయిలంతా రోడ్డు పాలే. కొత్త రింగుకి కాస్త ఆయిల్ రాసి, ఎంత తిప్పాలో ఫిల్టర్ మీద రాసినట్టే తిప్పండి. ఈ ఇంజన్ అదురుకి అరకొర బిగింపు ఆగదు.

ఫిల్టర్లు కొన్ని ఎక్కువే తెప్పించాను. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లెవరి దగ్గరైనా ఎస్2000 ఉంటే చెప్పండి, ఒకటిస్తాను. ఆ కౌంటర్ దగ్గర మాత్రం నిలబడకండి.