కళ్యాణదుర్గం దాటి, కంబళి కోసం

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గంలో బస్సు దిగేసరికి ఊరికి పోయే షేర్ ఆటో వెళ్లిపోయింది. ఇంకోటి దొరికేసరికి గంట పట్టింది, మూడు టీలు అయ్యాయి.

నేను వెళ్లింది గొర్రెలు కాచి కంబళ్లు నేసే ఒక కురుబల ఇంటికి. వాకిట్లో తాత గొర్రెను పడుకోబెట్టి, కాళ్లు కట్టి కత్తెర వేస్తున్నాడు. నల్లటి బొచ్చు కుచ్చులు కుచ్చులుగా గోనెపట్టా మీద పడుతోంది. "ఏడాదికి రెండుసార్లు కత్తిరించినా కిలో రాదప్పా" అన్నాడు. కత్తిరించే ముందు గొర్రెలను కడగాలి. చెరువులో నీళ్లున్న రోజుల్లో అందులోకే తోలేవారట, ఇప్పుడు బోరు పైపే గతి. ఆ మాట విన్నాక, ఈ కంబళి తయారీని 'పర్యావరణహితం' అని గొప్పగా రాసుకుందామనుకున్న నేను కాస్త తగ్గాను.

అయినా బొచ్చు పట్టుకుని చూస్తే పెద్దగా జిడ్డు లేదు. మెత్తటి స్వెటర్లకు వాడే మెరినో జాతి గొర్రెల ఉన్ని అలా కాదు. వేడినీళ్లు, డిటర్జెంటుతో కడిగితే గానీ దాని జిడ్డు వదలదు. ఆ మురుగును శుద్ధి చేయడం మిల్లులకు పెద్ద తలనొప్పి. ఇక్కడ అద్దకం కూడా లేదు, నలుపు గొర్రెతోనే పుట్టింది. అవ్వ విల్లుతో ఏకి రాట్నం మీద వడుకుతుంది. పక్కింట్లో గుంట మగ్గం. పడుగుకు, అంటే మగ్గం మీద నిలువు దారాలకు, చింతగింజల గంజి పట్టిస్తున్నారు, పుల్లగా, కాస్త మాడినట్టు వాసన. బీడు నుంచి మగ్గం దాకా సరుకు తిరిగేదంతా నడిచిపోయేంత దూరమే.

మధ్యాహ్నం కంబళి పరిచి కూర్చోబెట్టి, రాగి సంకటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టారు. సంకటిలో వెంట్రుక తగిలింది. తీయబోతుంటే అవ్వ నవ్వింది: "గొంగట్లో తింటా వెంట్రుకలు ఏరుతావా నాయనా?"

సాయంత్రం మంద ఇల్లు చేరాక చూస్తే, అందులో సగానికి సగం నెల్లూరు జాతి గొర్రెలే, పొడుగు కాళ్లవి. వాటికి వెంట్రుకలే తప్ప ఉన్ని రాదు. "మాంసానికైతే దుడ్లొస్తాయి. బొచ్చు ఎవరు కొంటారు?" అన్నాడు తాత. దొడ్డి వెనక గట్టు మీద పోయినసారి కత్తిరించిన బొచ్చు వానకు తడిసి, కుప్పగా పడి ఉంది.

కంబళి ఒకటి కొన్నాను. అలవాటుకొద్దీ బేరమాడబోయి, అవ్వ వేళ్ల వైపు చూసి ఊరుకున్నాను.

తిరుగు బస్సులో పక్క సీటాయన రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, నా ఒళ్లోని సంచి వైపు చూశాడు.

"గొర్రెపిల్లేమైనా ఉందా సార్ లోపల?"