చదువుకా, పడవకా?

కేంబ్రిడ్జిలో మొదటి టర్మ్‌లోనే మా అమ్మాయి కాలేజీ పడవల జట్టులో చేరింది. తెల్లారకముందే లేచి, చలిలో సైకిలు తొక్కుకుంటూ కామ్ నది ఒడ్డుకు పోతుంది. చిత్తూరులో ఉన్న మా నాయనకు ఈ సంగతి మింగుడుపడలేదు. "బిడ్డని చదువుకు పంపినారా, పడవ తొయ్యడానికి పంపినారా?" అన్నాడు.

ఆయన భయం నాకు తెలుసు. ఒక్క మార్కుతో సీటు పోయే చోట పెరిగాం. పదో తరగతికి వచ్చామంటే బ్యాటు అటకెక్కాల్సిందే.

నాయనకు నచ్చజెప్పడానికి నాకు కట్టమంచి రామలింగారెడ్డి గారు ఆసరా అయ్యారు. మా చిత్తూరు మనిషే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు తొలి వైస్ చాన్సలర్. అంతకుముందు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, ఆయన కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కాలేజీలో చదివారు. ఆ కాలేజీ పడవల క్లబ్బు 1825 నాటిది. అప్పటి కుర్రాళ్ళకు పొద్దున పాఠాలు, మధ్యాహ్నం మైదానమో నదో, సాయంత్రం, స్నాతకోత్సవంలో వేసుకునేలాంటి గౌన్లు వేసుకుని హాల్లో అందరితో భోజనం, ఆ తర్వాత మళ్ళీ పుస్తకాలు. తీరిక దొరికితే ఆడుకోండి అని వదిలెయ్యలేదు, ఆటకంటూ ఒక పూట ఉంచారు. నాకు బాగా నచ్చింది అదే.

అలాగని చదువులో సడలింపేమీ లేదు. తను రాసిన వ్యాసం పట్టుకుని, మరో ఒకరిద్దరితో కలిసి టీచరు ఎదురుగా కూర్చోవాలి. వెనక బెంచీ అనేదే లేదు. పడవలోనూ అంతే. ఎనిమిది మందిలో ఒక్కరి తెడ్డు ఆలస్యంగా పడినా పడవంతా ఊగుతుంది.

జూన్‌లో, పరీక్షలయ్యాక, బంప్స్ పందేలు చూడాలి! కామ్ నది ఇరుకు, పడవలు పక్కపక్కన పోలేవు. అందుకని 1827 నుంచీ ఒకదాని వెనక ఒకటి, దాదాపు పడవన్నర దూరంలో నిలబెడతారు. చుక్కాని పట్టే పిల్ల ఒడ్డుకు కట్టిన గొలుసు చేత్తో పట్టుకుని కూర్చుంటుంది. ఫిరంగి పేలగానే వదిలేస్తుంది. వెనక పడవ తరుముతుంటే ముందు పడవను తరుముకుంటూ పోయి తగిలించాలి. తగిలిస్తే మర్నాడు ఒక మెట్టు పైనుంచి మొదలు. నాలుగు రోజులు ఇదే. తగిలించినవాళ్ళు ఒడ్డుకు చేరి, చెట్టు రెమ్మలు తుంచి తలల్లో పెట్టుకుంటారు. ఇదంతా పాప తాతకు ఫోన్లో తెలుగులోనే చెప్పింది. "మన పశువుల పండగ మాదిరే ఉందే!" అన్నాడాయన. ఆ తర్వాత అరగంట ఇద్దరూ ఎద్దుల గురించే మాట్లాడుకున్నారు.

పాతకాలపు యూనివర్సిటీ అని మురిసిపోతే చాలదు, దాని రెండో ముఖం కూడా పాపకు చెప్పాను. ఆడపిల్లలకు డిగ్రీ ఇవ్వాలా వద్దా అని 1897లో ఓటు పెడితే, సైకిలెక్కిన ఆడమనిషి బొమ్మ చేసి వీధిలో వేలాడదీశారు అక్కడి మగ విద్యార్థులు. ఆ ఓటు ఓడిపోయింది. రామలింగారెడ్డి గారి రోజుల్లో గిర్టన్, న్యూనమ్ కాలేజీల ఆడపిల్లలు పాఠాలు విన్నారు, పరీక్షలు రాశారు, పట్టా మాత్రం రాలేదు. అది వచ్చేసరికి 1948 అయింది. ఇవాళ మా అమ్మాయి సైకిలెక్కి నదికి పోయేది ఆ ఊరి వీధుల్లోనే.