ఇంటర్ గంటల నుంచి యూనివర్సిటీ హాస్టల్‌కు

ఈ ఏడాది ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో సీట్లు వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది మొదటి సంవత్సరం సబ్జెక్టులు కష్టంగా ఉంటాయా అని అడుగుతున్నారు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాలలో ఆ సంవత్సరం గడిపిన అనుభవంతో నేను చెప్పగలిగింది ఏమిటంటే, సబ్జెక్టుల కంటే ముందు మనకు అడ్డుపడేది ఇంటర్మీడియట్ రెండేళ్లలో ఒంటికి పట్టిన చదువు పద్ధతి.

రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజామున గంట మోగేది మొదలు రాత్రి స్టడీ అవర్లు ముగిసేదాకా ఏ పూట ఏ సబ్జెక్టు చదవాలో, ఎన్ని పేజీలు చదవాలో, ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో అన్నీ ఎవరో ఒకరు నిర్ణయించేవారు. వారాంతపు పరీక్షలో ర్యాంకు పడిపోతే సెక్షను మారిపోయేది. పేరు మారినా మా ఇళ్లలో ఇంకా ఎంసెట్ అనే పిలిచే ఆ ప్రవేశ పరీక్షలో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అంటే ఒక్కో బిట్టుకు నిమిషం పైన ఏడెనిమిది సెకన్లు మాత్రమే. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు కాబట్టి తెలియకపోయినా ఏదో ఒకటి గుర్తించి ముందుకు వెళ్లాలనీ, లెక్క పూర్తిగా చేయకుండా ఇచ్చిన నాలుగు జవాబులను సమీకరణంలో ప్రతిక్షేపించి చూడాలనీ నేర్పారు. ఆ శిక్షణే మాకు సీట్లు తెచ్చిపెట్టింది కనుక దాన్ని నేను తక్కువ చేయను. కానీ దానికి అలవాటు పడిన బుర్ర ఒకే ప్రశ్న దగ్గర గంటసేపు నిలవలేదు.

హాస్టల్లో చేరాక గంట మోగదు. తరగతులు, ల్యాబులు అయిపోయిన తర్వాత రాత్రి వరకు సమయం మనదే. నడిచి వెళ్లగలిగినంత దూరంలో సముద్రం ఉంటుంది, గదిలో కబుర్లకు అంతు ఉండదు, పుస్తకం తీయలేదేమని అడిగేవారు ఉండరు. ఇంటర్‌లో మంచి ర్యాంకులు తెచ్చుకున్నవాళ్లే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పుస్తకం ముందు కూర్చుండిపోవడం మా అంతస్తులో మామూలుగా కనిపించేది. దాన్ని సోమరితనం అనుకుని తమను తామే తిట్టుకునేవారు. అది సోమరితనం కాదని నా గట్టి నమ్మకం; పదిహేనేళ్ల వయసు నుంచి తన రోజును తాను నిర్ణయించుకునే అవకాశమే దొరకని మనిషికి ఆ పని రాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇంజనీరింగ్ డ్రాయింగ్ తరగతిలో ఈ తేడా నాకు మరింత స్పష్టంగా తెలిసింది. మన దేశంలో వాడే ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్ పద్ధతిలో ఎదురుగా నిలబడి చూసిన రూపాన్ని ఎక్స్‌వై అనే అడ్డగీతకు పైన, పై నుంచి చూసిన రూపాన్ని దాని కింద గీయాలి. పై నుంచి చూసినది కిందికెందుకు వస్తుందో అర్థం కావాలంటే, వస్తువు నిలువు తలానికి ముందు, అడ్డ తలానికి పైన ఉన్నట్టు ఊహించుకుని, రెండింటి మీదా దాని ఆకారాన్ని వేసి, ఆ తర్వాత అడ్డ తలాన్ని కిందికి తిప్పి చదును చేసినట్టు మనసులో చూడగలగాలి. వాలుగా ఉన్న షట్కోణ పట్టకాన్ని గీయడానికి గంటకు పైగా పట్టేది. అందులో కొట్టివేయడానికి ఆప్షన్లు ఉండవు, సూత్రం కంఠస్థం చేసి లాభం లేదు. నా గది మిత్రుడు ఒక రాత్రి నోట్‌బుక్కును లంబకోణంలో తెరిచి, పడుకున్న పేజీ మీద అగ్గిపెట్టె నిలబెట్టి, రెండు పేజీల మీదా దాని అంచులు గీసి, అగ్గిపెట్టె తీసేసి, పుస్తకాన్ని బల్లకు అంచున చదునుగా పరిచి చూపించాడు. పై నుంచి చూసిన రూపం దానంతట అదే కిందికి వచ్చింది. ఆ తర్వాత మా వరుసలోని గదులన్నింటిలో అగ్గిపెట్టెలు కనిపించాయి.

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి పాఠం ఇంగ్లీషులో సాగడం అదనపు భారం. రాత్రిళ్లు మేము ఒకరికొకరం తెలుగులో చెప్పుకుని, అర్థమయ్యాక ఇంగ్లీషులో రాసుకునేవాళ్లం. అవతలివాడికి చెప్పాలంటే మధ్య మెట్లు ఏవీ వదిలేయడానికి వీలుండదు కాబట్టి, గణితంలో జవాబు ఒక్కటే చూసుకుని సాగిపోయే అలవాటు కూడా దాంతోనే తగ్గింది. ఇక చదువుకునే చోటు మార్చుకోవడం కూడా మేలు చేసింది. ఉపకులపతిగా పనిచేసిన డాక్టర్ వి.ఎస్. కృష్ణ పేరున్న గ్రంథాలయంలో కూర్చుంటే, ఎవరూ చెప్పకపోయినా చుట్టూ ఉన్నవాళ్లను చూసి మనమూ చదువుతాం.

సీనియర్ల గురించి భయపడవలసిన అవసరం లేదు. ర్యాగింగును నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. ఎవరైనా హద్దు మీరితే వెంటనే ఫిర్యాదు చేయండి. నాకు మాత్రం డ్రాయింగు గీతలు గీసే పరికరం, తమ పాత డ్రాఫ్టరు ఇచ్చిందీ, ఏ ప్రశ్నకు ఎంత రాయాలో పాత ప్రశ్నపత్రాలు ముందు పెట్టి చూపించిందీ మా హాస్టల్ అన్నలే.

కొత్త విద్యార్థుల కోసం మూడు వారాల పరిచయ కార్యక్రమం నడపాలని సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర మండలి ఏఐసీటీఈ కళాశాలలకు చెప్పింది. అది మంచి ఆలోచన. అందులో వక్తల ప్రసంగాలతో పాటు రెండు పూటలు వేరే పనికి కేటాయించాలని అధ్యాపకులను కోరుతున్నాను: ఒక పూట పాఠ్యపుస్తకంలోని ఒక్క అధ్యాయాన్ని విద్యార్థులతో కలిసి మొదటి నుంచి చివరి దాకా చదవాలి, మరో పూట ఒక్క ప్రశ్నకు పూర్తి సమాధానం వాళ్లచేత రాయించి, దిద్ది, అదే రోజు తిరిగి ఇవ్వాలి.